ఆఖరి కడుపు ఎప్పుడమ్మా?

కలకత్తా వచ్చాక నేను తడుముకోకుండా పలికిన మొదటి బెంగాలీ వాక్యం చేపల బజారుకు పనికొచ్చేది కాదు. "దీదీ, ఆఖరిసారి కడుపు ఎప్పుడొచ్చింది?" అన్న ప్రశ్న అది. స్కానింగులు చదివే మనిషికి ఆ కూపీలు ఎందుకంటారా? ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను.

అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాను. దగ్గులో నెత్తురు జీర పడుతున్న ఓ అమ్మాయి ఛాతీ ఎక్స్‌రే, రెండు ఊపిరితిత్తుల్లోనూ గుండ్రటి మచ్చలతో నా ముందుకొచ్చింది. మన దేశంలో అలాంటివి చూస్తే కలం దానంతటదే టీబీ అని రాస్తుంది. రాశాను. కొన్ని నెలల కిందట ఆమెకు గర్భం పోయిందని కాగితంలో లేదు, నేను అడగలేదు. చివరికి బయటపెట్టింది మరో డాక్టరు చేయించిన ప్రెగ్నెన్సీ టెస్టు. మావి కణాల్లోంచి పుట్టే కోరియోకార్సినోమా అనే కేన్సర్ అది. ఎంతో అరుదు.

ఈ జబ్బు దాదాపు సగంమందికి ముత్యాల గర్భం (మోలార్ ప్రెగ్నెన్సీ) తర్వాత వస్తుంది. తక్కినవాళ్లకు గర్భస్రావమో, మామూలు కాన్పో అయ్యాక. అల్ట్రాసౌండ్‌లో ముత్యాల గర్భం మంచు కురిసినట్టుంటుంది. కేన్సరైతే, నెత్తురు పారుదల చూపే డాప్లర్ పెట్టగానే గర్భాశయం గోడ ఎరుపు నీలాలతో భగ్గుమంటుంది. అంత నెత్తురు పారే గడ్డ కాబట్టి ముక్క తీయడానికి జంకుతాం. ప్రెగ్నెన్సీ టెస్టు పట్టే హెచ్‌సీజీ హార్మోను లెక్క, బొమ్మ, ఆమె చెప్పిన మాట, ఈ మూడింటితోనే తేల్చుకోవాలి. ఊపిరితిత్తుల్లో మచ్చలు లెక్కపెట్టి ముప్పు అంచనా కట్టడానికి ఇవాళ్టికీ మామూలు ఎక్స్‌రేనే ప్రమాణం, సీటీ కాదు. 1950లో ఇక్కడి చిత్తరంజన్ కేన్సర్ ఆసుపత్రిని ప్రారంభించిన ఐరీన్ జోలియో క్యూరీ, మొదటి ప్రపంచయుద్ధంలో తల్లితోపాటు సైనికులకు ఎక్స్‌రేలు తీసిన మనిషి. ఎక్స్‌రేకి ఇంకా ఈ విలువ ఉందని వింటే సంతోషించేది.

మందు సంగతి మనవాళ్లకు చెప్పకుండా ఉండలేను. 1956లో అమెరికాలో ఈ కేన్సర్‌ను లొంగదీసిన మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలో తయారైంది. ఆయన ఆ విజయం చూడలేదు, 1948లోనే పోయారు. ముప్పు తక్కువున్న దశలో పట్టుకుంటే ఇప్పుడు దాదాపు అందరికీ నయమవుతుంది.

పట్టుకోవడమే కష్టం. అత్తగారు పక్కన నిలబడి ఉంటే ఏ కోడలూ పోయిన గర్భం గురించి నోరు విప్పదు. అందుకే ముందు అత్తగారిని బయట కూర్చోబెడతాను.

గర్భం పోయినా, తీయించుకున్నా ఆ కాగితాలు పారేయకండి. ఆ తర్వాత నెత్తురు ఆగకపోయినా, దగ్గు పట్టుకున్నా, స్కానింగు గదిలో మేం అడగడం మరిచిపోతే మీరే చెప్పండి.