వైన్ ముందు పోయండి

ఈ వారం పుదుచ్చేరిలో ఒక గైడు వెంట నడిచి వచ్చాను. సాయంత్రం నడక, చివర వైన్ రుచి చూడటం, రెండింటికీ కలిపి ఒకే టికెట్టు. కుర్రాడు బాగా చెప్పాడు. ఏటవాలు ఎండ మా కళ్లలో పడకుండా, గోడ నీడ చూసి నిలబెట్టి మరీ చెప్పాడు. నడక నడిపించేవాడికి ముందు రావాల్సిన విద్య అదే. అయినా నాకు చిరాకు వేసింది. డ్యూమా వీధి, సఫ్రెన్ వీధి, రొమే రోలా వీధి అంటూ తెల్లవాళ్ల పేటంతా తిప్పాడు. పసుపు గోడలు, కాగితంపూల తీగలు, నీలం పలకల మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధి పేర్లు, అన్నీ చూపించాడు. తీరా కాలవ గట్టు దాకా తెచ్చి అక్కణ్ణుంచే వెనక్కి మళ్లించాడు. సగం ఊరు అవతలే ఉండిపోయింది.

ఊరిని కాళ్లతోనే తెలుసుకోవాలన్నది ఈ కాలమ్ పాత పాట. మచిలీపట్నం పరాసుపేట గురించి రాసినప్పుడూ అదే పాడాను. కానీ ఎటు నడిపిస్తున్నారన్నది కూడా చూసుకోవాలి.

గైడు ఆగకుండా దాటేసిన ఒక వీధి దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఇప్పుడది లాల్ బహదూర్ శాస్త్రి వీధి. పాత పేరు బుస్సీ వీధి. తెలుగువాడు ఆ పేరు విని ఊరికే ఎలా పోతాడు? చిన్నప్పుడు మా ఊరి గుడి ముందు బొబ్బిలి కథ చెబుతుంటే తెల్లవార్లూ కూర్చున్నాను. డక్కీల మోత పెరిగేకొద్దీ ముసలివాళ్లు సైతం ముందుకు జరిగేవారు. కోట పడిపోతుందని తెలిశాక లోపల ఆడవాళ్లకు ఏమైందో చెప్పేటప్పుడు కథకుడు తంబురా ఆపేసేవాడు. అప్పుడు మొదటిసారి విన్నాను ఫ్రెంచి సేనాని బుస్సీ పేరు. ఆయన ఊరేదో, ఎక్కడ పోయాడో ఆ కథలో లేదు. పెద్దయ్యాక పుస్తకాల్లో తెలిసింది. బుస్సీ సైన్యం జీతాల కోసం నిజాం సలాబత్ జంగు 1753లో ఏలూరు, రాజమండ్రి, చికాకోలు, ముస్తఫానగరు సర్కార్లను రాసిచ్చాడు. ముస్తఫానగరంటే మన కొండపల్లి వైపు. ఆ సర్కార్ల శిస్తు కోసం తిరుగుతూనే బుస్సీ విజయనగరం విజయరామరాజుతో కలిసి 1757 జనవరి 24న బొబ్బిలి మీద పడ్డాడు. తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచాడు. బుస్సీ మాత్రం బతికి, స్వదేశం వెళ్లి, ముసలితనంలో మళ్లీ వచ్చి 1785లో ఈ పుదుచ్చేరిలోనే చనిపోయాడు. ఈ వీధికి ఎవరి పేరు పెట్టారో ఆ మనిషికి అన్నం పెట్టింది గోదావరి రైతు. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మాలో తెలుగువాళ్లందరికీ ఒళ్లు గగుర్పొడిచేది.

కాలవ దాటి ఉంటే ఆనందరంగ పిళ్లె ఇల్లు వచ్చేది. ఫ్రెంచి గవర్నరు డూప్లేకి దుబాసీ ఆయన. 1736 నుంచి చనిపోయేదాకా తమిళంలో రాసుకున్న దినచర్య ఆ కాలానికి అద్దం. మన కస్తూరి రంగకవి ఆయన పేరు మీదే ‘ఆనందరంగరాట్ఛందము’ రాశాడు. తెలుగు ఛందశ్శాస్త్రానికి పుదుచ్చేరిలో పోషకుడు దొరికాడన్నమాట. ఆ ఇంట్లో కింద చెక్కిన కొయ్య స్తంభాలు, పైన ఐరోపా తీరు సున్నపు స్తంభాలు. 1761 జనవరిలో ఆయన పోయిన కొద్ది రోజులకే ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. వాళ్లు తెల్లవాళ్ల పేటను నేలమట్టం చేశారు. గైడు డూప్లే కాలాన్ని తలుస్తూ చూపించిన మేడలన్నీ ఆ తర్వాత కట్టినవే. అసలైన డూప్లే కాలపు ఇల్లు కాలవకు అవతల ఉంది.

చివర ఒక పెరట్లో వైన్ పోశారు. గ్లాసును కాడ దగ్గర పట్టుకుని, తెల్లగుడ్డ మీదికి వంచి రంగు చూడమన్నారు. మెల్లగా తిప్పి వాసన చూడమన్నారు. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిరగనిచ్చి మింగమన్నారు. నాసిక్ ద్రాక్ష. కమ్మని పుల్లదనం పోయాక చిగుళ్ల మీద వగరు నిలిచింది. బాగానే ఉంది కానీ, ఈ నడకలోంచి ముందు తీసేయాల్సింది ఈ వైన్ అనుకున్నాను. ఊరిని ఫ్రెంచి సెంటుసీసా చేసి అమ్మేది ఇదే కదా అని.

మర్నాడు భారతి పార్కు దగ్గరి మ్యూజియంకి వెళ్లాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. అక్కడ అరికమేడులో దొరికిన సామాను ఉంది. ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం ఏటి ఒడ్డున, 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించిన చోటు. రెండు చెవులు, మొన తేలిన అడుగు ఉన్న పొడుగాటి రోమన్ మట్టికుండల పెంకులు అక్కడ దొరికాయి. ఆ జాడీల్లో కొన్ని వైన్ మోసుకొచ్చాయి. కారిపోకుండా లోపల జిగురు పూసేవారు. అంటే ఫ్రెంచివాళ్లు 1674లో ఇక్కడ కోఠీ పెట్టడానికి పదహారు వందల ఏళ్లకు ముందే ఈ ఒడ్డున వైన్ దిగింది. తెచ్చినవాళ్లు ఏలడానికి రాలేదు, మన సరుకు కొనుక్కోవడానికి వచ్చారు.

అందుకే నడక నడిపేవాళ్లకు నా విన్నపం. వైన్ తీసేయకండి, ముందుకు తెండి. మ్యూజియంలో ఆ పెంకులు చూపించి, బయటికొచ్చాక మొదటి గుక్క అక్కడే ఇవ్వండి. తర్వాత కాలవ దాటించి పిళ్లె ఇల్లు చూపించండి. బుస్సీ వీధిలో బొబ్బిలి కథ చెప్పండి. తెల్లవాళ్ల పేట ఆఖర్న పెట్టండి. అప్పుడు ఫ్రెంచివాళ్లు ఈ రేవుకొచ్చిన చాలామంది బేరగాళ్లలో ఒకరిగా కనిపిస్తారు. వాళ్లకు అంతకు మించి ఇవ్వాల్సిన చోటు లేదు.