ప్లగ్గున్న పొయ్యి

న్యూ హాంప్‌షైర్‌లో కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకి కరెంటు పోయినా బెంగ లేదు. మాలాగా పెల్లెట్ స్టవ్ పెట్టుకున్నవాళ్లకే తిప్పలు. రంపపు పొట్టును గట్టిగా అదిమి చేసిన సన్నటి గుళికలే దానికి మేత. 18 కిలోల సంచి తొట్టిలో ఒంపితే ఇంచుమించు ఒక రోజు చలి గడుస్తుంది. కానీ గుళికల్ని మంటలోకి తోసే మరకీ, పొగను బయటికి నెట్టే ఫ్యానుకీ, వేడిని గదిలోకి ఊదే ఫ్యానుకీ కరెంటు కావాలి. 1980ల మొదట్లో వాషింగ్టన్ రాష్ట్రంలో జెర్రీ విట్‌ఫీల్డ్ అనే విమానాల ఇంజనీరు ఈ స్టవ్‌కి రూపమిచ్చాడు. ఇన్ని ఫ్యాన్లు ఎందుకున్నాయో మరి అడగక్కర్లేదు!

2008 డిసెంబరులో ఇక్కడ పడీపడగానే గడ్డకట్టే వాన కురిసింది. ఆ బరువుకి కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. రాష్ట్రంలో నాలుగు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల రెండు వారాల దాకా రాలేదు. శీతాకాలం జాగ్రత్తల మాటొస్తే ఈ ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఆ తుఫాను నుంచే మొదలుపెడతారు.

కరెంటు పోయినప్పుడు స్టవ్ నడపడానికి పెద్ద జనరేటర్ అక్కర్లేదు. ముట్టించే కాసేపు 400 వాట్ల దాకా లాగుతుంది, తర్వాత నూటికీ నూట యాభైకీ మధ్య నడుస్తుంది. 2000 వాట్ల చిన్నది ధారాళంగా చాలు. అయితే అది ఇన్వర్టర్ రకం కావాలి. చవక రకాల కరెంటులో ఒడిదుడుకులు ఎక్కువ, స్టవ్‌లోని కంట్రోల్ బోర్డు వాటిని ఓర్చుకోదు. ఇంకో పేచీ ఉంది. ఈ చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపి ఉంచరు, అది గమనించి కొన్ని స్టవ్‌లు మొరాయిస్తాయి. అలాంటప్పుడు మాన్యువల్ తీయాలి, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. సొంతంగా వైర్లు కెలకకూడదు.

నా దృష్టిలో అసలు పరీక్ష వాట్లది కాదు, చోటుది. బయట మైనస్ పది. మోత పక్కింటికి వినిపిస్తుందని మొహమాటం, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని అనుమానం, పెట్రోలు పోయడానికి మంచులో నడవాలన్న బద్ధకం. అన్నీ కలిసి జనరేటర్‌ని ఇంటివైపు జరుపుతూ ఉంటాయి. గ్యారేజీలో పెట్టి తలుపు పైకెత్తితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. ఇంటికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, పొగ కిటికీలకు ఎదురుగా రాకుండా, పైన చినుకు పడకుండా చిన్న కప్పు వేసి పెట్టాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, వికారం వస్తే చలిజ్వరం అనుకుని ముసుగు తన్నుతాం. మన ఊళ్లలో కొట్ల ముందు ఫుట్‌పాత్ మీదే జనరేటర్లు ఆడుతుంటే చూస్తూ పెరిగాం, కాబట్టి మనకి భయం తక్కువ. అక్కడ తలుపులు బార్లా తెరిచుంటాయి. ఇక్కడి ఇల్లు చలిగాలి దూరకుండా సందు సందూ మూసింది. పడకగదుల దగ్గర బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే నేను జనరేటర్ తాడు లాగను.

గోడ ప్లగ్గులోకి జనరేటర్ కరెంటు ఎక్కించే మొనగాళ్లూ ఉన్నారు. అది వెనక్కి పారి, వీధి ట్రాన్స్‌ఫార్మర్లో వేల వోల్టులై, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌ని చంపగలదు. ఇల్లంతా నడపాలంటే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోవాలి. ఒక్క స్టవ్‌కైతే ఆరుబయట వాడే మందపాటి మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ వైరు నేరుగా లాగితే అయిపోతుంది.

ముందు జనరేటర్ ఆన్ చేసి, అది కుదురుకున్నాక స్టవ్ తగిలిస్తాను. ఆపేటప్పుడు వరస తిరగబడుతుంది. మొదట స్టవ్ ఆపి, అది చల్లారి ఫ్యాను తనంతట తాను ఆగాకే జనరేటర్. మంట మండుతుండగా పెట్రోలు అయిపోతే ఫ్యాను ఆగి పొగ గదిలోకి తిరగొచ్చు. అందుకే మధ్యలో ఒక చిన్న యూపీఎస్ ఉంచాను. వేడి సైలెన్సర్ పక్కన పెట్రోలు ఒంపడం ఎంత తొందరున్నా కుదరదు.

రాత్రి విషయంలో పక్కింటాయనకీ నాకూ పొసగదు. ఇంత తక్కువ లోడుకి ట్యాంకు తెల్లారేదాకా వస్తుంది, ఆపితే పైపులు గడ్డకడతాయి అంటాడాయన. ట్యాంకు సంగతి నిజమే. కానీ గోడల్లో దూదిలాంటి ఇన్సులేషన్ గట్టిగా కూరిన ఇల్లు ఒక్క రాత్రిలో అంత చల్లబడదు. పైగా అందరూ నిద్రపోయాక గాలి దిక్కు మారితే చూసేవాళ్లు ఎవరు? మా ఇంట్లో పదింటికల్లా స్టవ్ ఆగుతుంది. అందరం ఒకే గదిలో రెండేసి రజాయిలు కప్పుకుని పడుకుంటాం. ఆయన జనరేటర్ మాత్రం రాత్రంతా వినిపిస్తూనే ఉంటుంది.