ఎడ్డీ మర్ఫీ ఫ్రెంచిలో నవ్వితే

ఎడ్డీ మర్ఫీ నవ్వు ఒక్కసారి విన్నవాళ్లు మరిచిపోరు. ఊపిరి లోపలికి లాక్కుంటూ, బాతు అరిచినట్టు నవ్వుతాడు. మాటలనైతే అనువాదం చేసుకోవచ్చు. మరి ఆ నవ్వునేం చేస్తారు? ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి దాన్ని తన గొంతుతో నవ్వినవారు మెడ్ హోండో. 1936లో మారిటేనియాలో పుట్టిన ఈయన మర్ఫీ కంటే పాతికేళ్లు పెద్ద. 'ష్రెక్'లో వాగుడుకాయ గాడిదకీ, 'లయన్ కింగ్'లో ముసలి రఫీకికీ కూడా ఫ్రెంచిలో ఆయనదే గొంతు.

ఆయన కథలోకి వెళ్లేముందు, ఆయన నిలబడి పనిచేసిన గదిలోకి తొంగిచూడాలి. మన డబ్బింగు థియేటర్లో ఆర్టిస్టు హెడ్‌ఫోన్లో అసలు గొంతు వింటూ, చేతిలో కాగితం, ఎదురుగా బొమ్మ పెట్టుకుని తంటాలు పడతాడు. ఫ్రెంచివాళ్లు చేతికి కాగితం ఇవ్వరు. తెర కింద ఒక పట్టీ కుడి నుంచి ఎడమకి జరుగుతూ ఉంటుంది. డైలాగంతా దానిమీదే రాసి ఉంటుంది. ఎడమ పక్కన నిలువుగీత ఒకటి. ఏ అక్షరం ఆ గీతని తాకితే ఆ అక్షరం ఆ క్షణానే నోట్లోంచి రావాలి. దీని పేరు 'బాండ్ రిత్మో'. లయపట్టీ అనుకుందాం.

ఆ పట్టీమీద రాతే చూడముచ్చటగా ఉంటుంది. పాత్ర ఒక మాటని సాగదీస్తే అక్షరాలు రబ్బరులా సాగుతాయి. గబగబా అనేస్తే ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుంటాయి. సంగీతం నేర్చినవాళ్లకి స్వరలిపి ఎలాగో నటుడికి ఇది అలాగ. రీళ్ల కాలంలో ఈ రాతకోసమే ప్రత్యేకంగా మనుషులుండేవారు. పారదర్శకంగా ఉండే ఫిల్ము మీద నల్లసిరాతో రాసేవారు. ఆ పట్టీ బొమ్మరీలు వేగంలో ఎనిమిదోవంతు వేగంతో నడిచేది. ఇప్పుడా పని కంప్యూటరుది.

రాత కంటే ముందు ఇంకో మనిషి ఉంటారు, నా దృష్టిలో అసలు ఓపిక ఆ మనిషిదే. బొమ్మని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, తెరమీద పెదవులు ఎక్కడ మూతపడ్డాయో, ఎక్కడ నోరు తెరుచుకుందో, ఎక్కడ ఊపిరి తీశారో, ఎక్కడ నవ్వారో అన్నిటికీ గుర్తులు పెట్టాలి. ప, బ, మ అనాలంటే పెదవులు కలవక తప్పదు. మన వ్యాకరణాలు వీటినే ఓష్ఠ్యాలన్నాయి. గుర్తులు పడ్డాక రచయిత వంతు. అవధానంలో న్యస్తాక్షరి చూసినవాళ్లకి ఈయన పాట్లు వెంటనే అర్థమవుతాయి. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం పడాలని పృచ్ఛకుడు పట్టుబడతాడు, పద్యమేమో ఏమీ ఎరగనట్టు సాఫీగా సాగాలి.

ఇంగ్లీషు 'మై మదర్' ఫ్రెంచిలో 'మా మేర్'. రెండు మకారాలూ ఉన్నచోటే ఉన్నాయి, అమ్మతో పేచీ లేదు. చిక్కంతా నాన్నతోనే. 'మై ఫాదర్' అన్నప్పుడు కింది పెదవి పళ్లని తాకుతుంది. ఫ్రెంచి 'మో పేర్'లో పకారానికి రెండు పెదవులూ కలవాలి. దూరం షాటైతే ఎవరికీ పట్టదు. క్లోజప్పైతే రచయిత 'మో వ్యూ' అనిపించవచ్చు. అంటే మా ముసలాయన అని. వకారం పెదవిని మళ్లీ పళ్లమీదికి తెస్తుంది. కాకపోతే ఆ కొడుకు తండ్రిని అలా అనే రకం అయ్యుండాలి. పెదవి కుదిరి మనిషి కుదరకపోతే దండగే.

ఇంత చేసినా నవ్వు దగ్గర పట్టీ చేతులెత్తేస్తుంది. నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గుర్తు ఉంటుంది గానీ ఎలా నవ్వాలో ఉండదు. ఫ్రాన్స్‌లో నటుడికి డైలాగు ముందుగా ఇంటికి పంపే అలవాటు లేదు. వచ్చి, తెర ముందున్న కమ్మీ దగ్గర నిలబడి, ముక్కని ఒకటి రెండుసార్లు చూసి చెప్పేయాలి. కళ్లు పట్టీని చదువుతుంటాయి, ఓరచూపు నటుడి ముఖం మీద ఉంటుంది, గొంతు మూడో పని చేస్తుంది.

ఫ్రెంచి సినీప్రియుల్లో డబ్బింగుని చిన్నచూపు చూసేవాళ్లు తక్కువేం కాదు. అసలు గొంతే వినాలంటారు. కాదనను. అయితే అరువు గొంతే ముద్దొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. టాకీల తొలిరోజుల్లో హాలీవుడ్ హాస్యజంట లారెల్, హార్డీ ఫ్రెంచి రాకపోయినా, పలికే తీరుని ఇంగ్లీషులో రాయించుకుని తమ సినిమాలు ఫ్రెంచిలోనూ తీశారు. వాళ్ల వంకర ఉచ్చారణకి జనం పడిపోయారు. తర్వాత వాళ్లకి డబ్బింగు చెప్పిన అచ్చమైన ఫ్రెంచివాళ్లు కూడా ఇంగ్లీషు యాసతోనే చెప్పాల్సొచ్చింది!

ఇక హోండో. 1959లో ఫ్రాన్స్ చేరి వంటవాడుగా, రేవులో కూలీగా బతికి, ఆపైన నాటకం నేర్చుకున్నారు. పారిస్‌కి వలసొచ్చిన నల్లవాడికి ఎదురయ్యే అవమానాల మీద 'సోలేయ్ ఓ' అనే సినిమా తీశారు. 1970లో అది కాన్ విమర్శకుల వారంలో ఆడింది, లొకార్నోలో స్వర్ణ చిరుత గెలిచింది. తర్వాత 'వెస్ట్ ఇండీస్' కోసం పారిస్‌లో మూతపడిన సిట్రోయెన్ కార్ల ఫ్యాక్టరీలో ఏకంగా ఓడనే కట్టించారు. ఫ్రెంచి సేనని ఎదిరించిన రాణి కథ 'సరౌనియా' 1987లో వాగడుగు సినిమా ఉత్సవంలో అగ్రబహుమతి అందుకుంది. ఇలాంటి సినిమాలకి డబ్బుపెట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? డబ్బింగులో వచ్చిందే వాటిలో పోసేవారు. మన శ్రీశ్రీ గుర్తొస్తే తప్పులేదు. తెలుగులో తొలి డబ్బింగు సినిమా 'ఆహుతి'కి 1950లో మాటలూ పాటలూ ఆయనే రాశారు. విప్లవ కవికి కూడా బియ్యం అవసరమే కదా.

నాకు నచ్చేది ఇందులోని కొంటెతనం. 'సోలేయ్ ఓ' చూసి మొహం చిట్లించుకునే పెద్దమనిషే, శనివారం పిల్లల్ని తీసుకుని హాలీవుడ్ సినిమాకెళ్లి, అదే గొంతుకి పగలబడి నవ్వి టికెట్టు డబ్బులిచ్చి వచ్చి ఉంటాడు. హోండో తర్వాతి సినిమాకి తనూ ఓ చెయ్యి వేశానని ఆయనకి తెలీదు.

హోండో 2019 మార్చి 2న పారిస్‌లో పోయారు. చాలా ఫ్రెంచి వార్తల్లో శీర్షిక ఎడ్డీ మర్ఫీ గొంతు మూగబోయిందనే. 'సరౌనియా' మాట కింది పేరాల్లో వచ్చింది.