రేయంతా మేలుకొన్న దేవతలు
(ముందుమాట)

బాబిలోనియా, అసిరియా దేశాల అగ్నిదేవతల గురించి, దూతదేవతల గురించి తెలుగులో ఒక పూర్తి గ్రంథం చదువుతానని నేను అనుకోలేదు. రాతప్రతి చదివాక ఈ యువ రచయితను ముందుగా ఒక విషయంలో మెచ్చుకోవాలి. అగ్ని, దూత అన్న మాటలు పక్కపక్కన కనబడగానే మన మనసు ఋగ్వేదం వైపు పరుగెడుతుంది. మన అగ్ని కూడా దేవతల దూతే, హవ్యవాహనుడే కదా! ఆ పోలిక ఎదురుగా ఉన్నా రచయిత తొందరపడలేదు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో హిట్టైట్, మితాన్ని రాజుల మధ్య జరిగిన ఒడంబడికలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లున్నాయి, అగ్ని పేరు లేదు. ఆ సంగతి గుర్తుచేసి, అక్కడి దేవతలను అక్కడి మట్టిపలకల్లోనే వెతికారు.

అలా వెతికినందువల్లే గిర్రకూ నుస్కుకూ ఉన్న తేడా మనకు తెలిసింది. సుమేరియన్లు గిబిల్ అని, అక్కాదీయులు గిర్ర అని పిలిచిన దేవుడు కాల్చే అగ్ని, లోహాన్ని కరిగించే అగ్ని. నుస్కు గుర్తు దీపం. నిప్పూరు నగరాధిదేవత ఎన్లిల్‌కు ఆయన మంత్రి, దూత.

ఈ పుస్తకానికి ఆయువుపట్టు అత్రహాసిస్ కావ్యం మీద రాసిన అధ్యాయం. కాలువలు తవ్వి తవ్వి విసిగిన చిన్న దేవతలు పారలకు నిప్పు పెడతారు, మట్టి మోసే తట్టలను గిర్రకు అప్పగిస్తారు. నడిరేయి ఎన్లిల్ ఇంటిని చుట్టుముడతారు. ఎన్లిల్‌కు ఆ సంగతే తెలియదు. ద్వారపాలకుడు కల్కల్ గడియ బిగించి నుస్కును లేపుతాడు, నుస్కు వెళ్లి ప్రభువును లేపుతాడు. ముఖం పాలిపోయిన ఎన్లిల్‌ను చూసి, కన్నబిడ్డలకు భయపడతారెందుకని అడుగుతాడు. తర్వాత ఆ గుంపు మధ్యకు వెళ్లి, తిరుగుబాటు ఎవరు మొదలుపెట్టారో కనుక్కొని రావలసినవాడూ ఆయనే. నిప్పు, దౌత్యం ఒకే దేవుడి దగ్గరకు ఎందుకు చేరాయన్న ప్రశ్నకు రచయిత ఇక్కడే జవాబు చెబుతారు: చీకట్లో దీపం పట్టుకుని మెలకువగా ఉన్నవాడే వార్త మోయగలడు. నాకు ఇది సబబుగా తోచింది. రాత్రివేళ వీధులు కాచే ఇషుమ్ సంగతి కూడా ఈ వాదానికి బలమిస్తుంది. విలయం సృష్టించే ఎర్రా దేవుణ్ణి శాంతింపజేసే మంత్రి ఆయనే. ఎర్రా కథ చెప్పే కావ్యాన్ని తాయెత్తు ఆకారపు పలకల మీద కూడా రాసుకునేవారు.

చేతబడికి విరుగుడైన 'మక్లూ' తంతు కూడా రాత్రిపూటదే. ఎండాకాలంలో, అబు మాసం చివర, ఒక రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగేది. మంత్రగాళ్ల బొమ్మలను మైనంతో, కొవ్వుతో, పిండితో, తారుతో చేసి, గిర్రనూ నుస్కునూ పిలుస్తూ కాల్చేవారు. తెల్లవారాక చేతులు కడుక్కునేవారు. దాదాపు వంద మంత్రాలున్న ఈ తంతును రచయిత ఓపికగా, వరుస తప్పకుండా వివరించారు. పప్సుక్కల్, కక్క వంటి దూతల మీద మాత్రం ఇంకో పది పేజీలు రాసి ఉండవలసింది. మలిముద్రణలో ఆ లోటు తీర్చాలని కోరుతున్నాను.

నన్ను బాగా కదిలించిన ఘట్టం హర్రాన్‌ది. అసిరియా రాజు ఎసర్‌హద్దోన్ కాలంలో హర్రాన్ శివార్లలో ఒక బానిస పిల్ల పూనకం వచ్చి, రాజ్యం సాసీ అనేవాడిదని, రాజు తండ్రి సెన్నాఖెరిబ్ వంశం నాశనమవుతుందని, ఇది నుస్కు మాటేనని పలికింది. ఒక అధికారి ఆ సంగతి రాజుకు ఉత్తరం రాశాడు. రాజు క్రీ.పూ. 670లో ఎందరో పెద్ద అధికారులను చంపించాడని బాబిలోనియా చరిత్ర పలక చెబుతోంది. ఆ పిల్ల పేరు ఉత్తరంలో లేదు, యజమాని పేరు ఉంది. రచయిత ఆ పిల్లను పక్కకు నెట్టకుండా, దేవుడి దూతగానే నిలబెట్టి ఒక అధ్యాయం రాశారు. దేవతల చరిత్ర రాసేవారికి ఉండవలసిన దృష్టి ఇది.

పాఠకులకు నా విన్నపం ఒకటే: పేర్లు కొత్తగా ఉన్నాయని మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోకండి. అత్రహాసిస్ అధ్యాయంతో మొదలుపెట్టినా ఫరవాలేదు, పుస్తకం మొత్తం చదవండి.