ఇద్దరూ కంటి ముందే ఉండాలి

డార్క్ సోల్స్ అనే వీడియో గేమ్ ఆడినవాళ్ళు ఎవరైనా తారసపడితే, ఎక్కువ రాత్రులు ఎక్కడ ఆగిపోయారని అడిగి చూడండి. చాలామంది రెండు పేర్లు కలిపి చెబుతారు: ఆర్న్‌స్టీన్, స్మౌ. నా జవాబూ అదే. ఆ ఇద్దరూ నాకు నేర్పినంత ఇంకే బాస్ ఫైటూ నేర్పలేదు.

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ హిదెటాకా మియాజాకి దర్శకత్వంలో 2011లో తెచ్చిన ఆట అది. అందులో అనోర్ లోండో అనే దేవతల నగరం ఉంటుంది. అక్కడి పెద్ద హాలుకి ఈ ఇద్దరూ కాపలా. ఆర్న్‌స్టీన్‌ది సింహం ముఖమున్న శిరస్త్రాణం, చేతిలో పొడవాటి బల్లెం. హాలు ఆ చివర నిలబడి ఉన్నాడనుకునేలోపే నేలను రాసుకుంటూ దూసుకొచ్చి పొడుస్తాడు. స్మౌ భారీ మనిషి. వాడి సమ్మెట లేవడానికి సమయం పడుతుంది, దిగిందంటే మాత్రం సగం ప్రాణం పోయినట్టే.

విడివిడిగా ఎదురైతే ఇద్దరూ అంత కష్టం కాదు. కష్టమంతా వాళ్ళ జోడీలో ఉంది. బాస్ ఫైట్ అంటే అవతలివాడు దెబ్బ వేసి మళ్ళీ నిలదొక్కుకునేలోపు మన దెబ్బ పడటం. స్మౌ సమ్మెట నేలకు తగిలాక దొరికే ఆ కాస్త సందులోకి ఆర్న్‌స్టీన్ దూరతాడు. ఆర్న్‌స్టీన్ గురి తప్పిన క్షణంలోకి స్మౌ పరుగెత్తుకొస్తాడు. ఒకడి లోటుని ఇంకొకడు పూడుస్తాడు. కాబట్టి మనం కనిపెట్టాల్సింది ఇద్దరికీ ఒకేసారి ఊపిరి తీసుకోవాల్సి వచ్చే క్షణం. అది అరుదుగా వస్తుంది, కానీ తప్పకుండా వస్తుంది. ఆ నమ్మకం ఇవ్వలేని ఆటను ఎవరూ ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకోరు.

ఈ తరహా ఆటల్లో లాక్ ఆన్ అనే సదుపాయం ఉంటుంది. నొక్కితే కెమెరా ఒక శత్రువుకి అతుక్కుపోతుంది, మనం ఎటు తిరిగినా వాడు తెర మధ్యలోనే ఉంటాడు. ఒక్కడే ఉన్నప్పుడు అది పెద్ద అండ. ఇద్దరున్నప్పుడు రెండోవాడు తెర దాటి మన వీపు వెనక్కి పోతాడు. కొత్తవాళ్ళు ఆ హాలులో ఎక్కువగా చచ్చేది కనపడనివాడి చేతిలోనే. లాక్ వదిలేయాలి. కెమెరాను బొటనవేలితో తిప్పుకుంటూ, ఇద్దరూ ఒకే పక్కన కనపడేలా వెనక్కీ పక్కకీ జరుగుతూ ఉండాలి. హాలు చుట్టూ అలా తిరుగుతుంటే వేగమున్నవాడు ముందు చేరతాడు, బరువైనవాడు వెనకబడతాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏర్పడే దూరమే మనకు దొరికే సమయం. స్తంభాల చాటు ఆర్న్‌స్టీన్ దూకుడికి బాగా పనికొస్తుంది గానీ, స్మౌ సమ్మెట తగిలితే ఆ స్తంభం కూలిపోతుంది. ఉన్న చాటుని పొదుపుగా వాడుకోవాలి.

ఈ నడక నా కంటికి ముందే తెలుసు. దివిసీమలో మా అమ్మమ్మగారి ఊళ్ళో సంక్రాంతికి చెడుగుడు చూస్తూ పెరిగినదాన్ని. కూతకెళ్ళిన మనిషి ఏడుగురి ఎదుట నిలబడతాడు. నేటి కబడ్డీ లెక్కలో అతనికి ఉండేది 30 సెకన్లు. మంచి రైడర్ ఎవరి మీదా చూపు నిలపడు. రెండు మూలల్లో ఉన్న కార్నర్లు ఇద్దరూ ఎప్పుడూ అతని చూపు అంచుల్లో ఉంటారు. నడిగీత ఎంత వెనక ఉందో తల తిప్పకుండానే పాదానికి తెలుస్తుంది. ఒక మూలకి ఆశపడి లోతుగా వెళితే రెండో మూల నుంచి వచ్చి దారి మూసేస్తారు. పాయింటు తెచ్చే చెయ్యి కన్నా వెనక్కి వచ్చే కాలు ముఖ్యమని మా తాతయ్య అంటుండేవాడు. ఆర్న్‌స్టీన్ ముందు నేను చేసిందంతా ఆ కాలి పనే.

చేతి పని విషయానికొస్తే, తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి ఉంటుంది. కొట్టినా, దొర్లినా, డాలుతో దెబ్బ కాచుకున్నా స్టామినా ఆ గీతలోంచే ఖర్చవుతుంది. ఒక్కడితో అయితే వరసగా నాలుగు దెబ్బలు వేసి గీత ఖాళీ చేసుకోవచ్చు. ఇద్దరితో అయితే ఒకటో రెండో వేసి ఆగాలి, ఒక దొర్లుడికి సరిపడా ఎప్పుడూ మిగుల్చుకోవాలి. ఒంటి మీది బరువూ లెక్కలోకి వస్తుంది. మోయగలిగినదాంట్లో నాలుగో వంతు లోపు ఉంటే దొర్లుడు చురుగ్గా ఉంటుంది, సగం దాటితే లేచేలోపే ఇంకో దెబ్బ తగులుతుంది. ప్రాణం నింపే ఎస్టస్ సీసా ఎత్తి తాగినంతసేపూ అడుగు కదలదు. అందుకే దెబ్బ తగిలిన వెంటనే తాగకూడదు. దూరం దొరికాక తాగాలి.

అసలైన ప్రశ్న ఎవర్ని ముందు పడగొట్టాలన్నది. ఒకడు కూలగానే మిగిలినవాడు వాడి శక్తిని లాక్కుని నిండు ప్రాణంతో లేస్తాడు. ఆర్న్‌స్టీన్ మిగిలితే స్మౌ అంత ఎత్తు పెరుగుతాడు. స్మౌ మిగిలితే వాడి సమ్మెటకి మెరుపు తోడవుతుంది. దీన్లో ఒక లెక్క ఉంది, చాలామంది ఆలస్యంగా గమనిస్తారు: చివరికి మిగిలేవాడి మీద ముందు వేసిన ప్రతి దెబ్బా వృథాయే, ఎందుకంటే వాడి గాయాలన్నీ మానిపోతాయి. కాబట్టి మొదట్లోనే ఒకణ్ణి ఎంచుకుని, రెండోవాణ్ణి చూస్తూనే ఉండాలి గానీ ముట్టుకోకూడదు. దగ్గరికొచ్చి వీపు చూపించినా సరే. నా అనుభవంలో ఆ నిగ్రహం దొర్లడం కన్నా కష్టం. మొదటివాడు పడేసరికి ఎస్టస్ ఎంత మిగలాలి, ఎన్ని స్తంభాలు నిలిచి ఉండాలి అన్నది కూడా ముందే అనుకోవాలి. తర్వాత వచ్చేది కొత్త పోరాటం.

గుంపుగా వచ్చే బాస్‌లన్నిటికీ ఈ పద్ధతి సరిపోదు. అదే ఆటలో నలుగురు రాజులుంటారు. ముందువాడు చచ్చినా బతికున్నా, తన వేళకి తర్వాతివాడు వచ్చేస్తాడు. అక్కడ ఓపిక పట్టామా, మునిగినట్టే. బరువైన కవచం వేసుకుని, దెబ్బకు దెబ్బ తిని, త్వరగా ముగించాలి. 2016లో వచ్చిన డార్క్ సోల్స్ 3లో అబిస్ వాచర్లనే గుంపులో ఎర్ర కళ్ళవాడొకడు లేస్తాడు. వాడు మనతోపాటు తనవాళ్ళనీ నరుకుతాడు. కాసేపు పక్కకు జరిగి వాళ్ళని వాళ్ళకే వదిలేయడం అక్కడ పనిచేసే ఉపాయం. ఇవన్నీ బుద్ధితో అల్లిన పోరాటాలు. ఒకే శత్రువుని రెండు మూడు ప్రతులు తీసి ఒక గదిలో వదిలిపెట్టే బాస్‌లు మాత్రం నాకు నచ్చవు. ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే జోడీ అయిపోదు.

ఒంటరిగా పలువురిని ఎదిరించడం అనగానే మనవాళ్ళకి అభిమన్యుడు గుర్తొస్తాడు. పద్మవ్యూహం నాకు ఇక్కడ అతకదు. అక్కడ మహారథులు యుద్ధనీతి తప్పారు, జయద్రథుడు వెనక వస్తున్న పాండవులని అడ్డగించాడు. అది అన్యాయం జరిగిన కథ. ఆర్న్‌స్టీన్, స్మౌ ఏనాడూ నియమం తప్పరు. నిన్న ఎలా కదిలారో ఇవాళా అలాగే కదులుతారు, మనం నేర్చుకునేదాకా.

బెజవాడలో ఉంటున్నందుకు నాకు తోచేది దుర్గా సప్తశతి. ఇంద్రకీలాద్రి మీద శరన్నవరాత్రులు జరిగే రోజుల్లో మా వీధిలో చాలా ఇళ్ళలో పారాయణ వినిపిస్తుంది. మార్కండేయ పురాణంలోని 13 అధ్యాయాలవి. ఆ పురాణాన్ని తిక్కన శిష్యుడు మారన తెలుగు చేశాడు. అందులో రక్తబీజుడనే రాక్షసుడున్నాడు. వాడి ఒంట్లోంచి నేల మీద పడ్డ ప్రతి రక్తపు బొట్టూ ఇంకో రక్తబీజుడవుతుంది. ఎంత గట్టిగా కొడితే అంతమంది. దేవి తరపున పోరాడే మాతృకలు కొట్టేకొద్దీ రణభూమి నిండిపోతుంది. అప్పుడు దేవి చేసింది చూడండి: రక్తం నేలకి తగలకుండా కాళి నోరు చాపి తాగేలా ఏర్పాటు చేసి, అప్పుడు కొట్టింది. ఈ మంది ఎక్కణ్ణించి పుడుతున్నారో ముందు పట్టుకోవాలన్నది అక్కడి యుద్ధవిద్య.

తర్వాత వచ్చేది అన్నదమ్ముల జోడీ. నిశుంభుడు ముందు పడతాడు, శుంభుడు మిగులుతాడు. మిగిలిన శుంభుడు దేవిని ఒక మాట అంటాడు: ఇతరుల బలం చూసుకుని పోరాడుతున్నావు, దానికే ఇంత గర్వమా అని. ఈ మాట సోల్స్ ఆటలు ఆడేవాళ్ళ మధ్య రోజూ వినపడుతుంది. ఆ హాలు ముందు సొలేర్ అనే సూర్యభక్తుడైన యోధుణ్ణి తోడుగా పిలుచుకునే వీలుంది. పిలిస్తే గెలిచినట్టు కాదని వాదించేవాళ్ళు చాలామంది. శుంభుడికి దేవి ఇచ్చిన జవాబు, వీళ్ళంతా నేనే, చూడమని. శక్తులన్నీ ఆమెలో కలిసిపోయాయి. అప్పుడు ఒంటరిగా వాణ్ణి పడగొట్టింది. తోడు తెచ్చుకోవడమూ, ఒంటరిగా నిలబడటమూ ఒకే యుద్ధంలో ఉన్నాయి. ఆటలో కూడా తరచూ జరిగేది అదే. మొదటివాడు పడేలోపే సొలేర్ ప్రాణం పోతుంది, పెద్దగా పెరిగిన రెండోవాడి ముందు మనం ఒక్కళ్ళమే మిగులుతాం.

పటమటలో ఉండే మా అన్నయ్య కొడుకు ఈ మధ్య ఈ ఆట మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు మా ఇంట్లోనే ఆడతాడు.

"సొలేర్‌ని పిలవనత్తా. పిలిస్తే నేను కొట్టినట్టు ఉండదు" అన్నాడు.

"నువ్వు పిలవకురా. పిలిచినవాళ్ళు కొట్టలేదని మాత్రం అనకు" అన్నాను.

పిలవలేదు. నాకు స్మౌని చివరికి మిగల్చడం అలవాటు. వాడి సమ్మెట ఎప్పుడు లేస్తుందో ముందే కనపడుతుంది, దొర్లడానికి వ్యవధి దొరుకుతుంది. మా మేనల్లుడు దానికి ఒప్పుకోలేదు. "పెరిగిన ఆర్న్‌స్టీన్‌ని చూడకుండా ఆ హాలు దాటి ఏం లాభం అత్తా?" అన్నాడు. స్మౌనే ముందు పడగొట్టాడు. పక్కన కూర్చుని చూశాను. వాడు కెమెరా తిప్పే తీరులో ఒక్కసారి కూడా రెండోవాడు తెర దాటలేదు. ఆర్న్‌స్టీన్ చివర మిగిలితేనే దొరికే సింహపు ఉంగరం వాడికి దొరికింది. నేను ఇన్నేళ్ళలో అది సంపాదించలేదు.

ఇప్పుడు 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఆడుతూ గాడ్‌స్కిన్ జంట దగ్గరకి చేరాడు. ఒకడు పొడుగ్గా సన్నగా, ఒకడు లావుగా, ఇద్దరికీ కలిపి పెద్ద హెల్త్ బార్ ఒకటే. అది అయిపోయేదాకా, కూలినవాడు మళ్ళీ వస్తాడు. ఒకణ్ణి నిద్రపుచ్చి ఇంకొకణ్ణి కొట్టమని చెప్పాను. నిద్రమందు కుండలు విసరడం తనకి ఇష్టం లేదట. రక్తబీజుడి కథ మళ్ళీ ఒకసారి చెప్పి, ఆ కుండలకి కావాల్సిన ట్రినా లిల్లీ పూలు ఏరి దగ్గర పెట్టుకోమన్నాను. ఏరుతున్నాడు, వాడతానని మాత్రం ఇంకా అనలేదు.