గోన గన్నారెడ్డి : గజదొంగ కథ

అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’ నవలను జేతఁబట్టిన పండితుఁడు మొదటఁ దప్పులు వెదకుటకే చదువ నారంభించును. కొన్ని ప్రకరణములు గడచునప్పటికిఁ దప్పులమాట మఱచి, గన్నారెడ్డి యెటుపోయెనో యని పుటలు త్రిప్పుచుండును. ‘గజదొంగ’ యను సమాసమును జూచి వైయాకరణుఁడు నొసలు చిట్లించునేమో; సంస్కృతపదముపైఁ దెలుఁగుపద మెక్కినది. లోకము దానిని దిద్దుకొనలేదు, నవలాకారుఁడును దిద్దలేదు.

ఆదవోనిలో పెండ్లి. వధువు అన్నాంబిక, వరుఁడు వర్ధమానపురమేలు లకుమయారెడ్డి కుమారుఁడు వరదారెడ్డి. గజదొంగ వచ్చి పెండ్లికొడుకునే యెత్తుకొని పోవును! కన్యాపహరణములు పురాణములందుఁ బెక్కులు గలవు. వరాపహరణ మన్ననో, అనిరుద్ధుని కథ యొక్కటి తలఁపునకు వచ్చును. అదియు వధువు కోరికచేత నయ్యెను. ఇచట నగలు విడిచి వరుని దోఁచుట యేల? ఈ ‘ఏల’ యే చదువరిని లాగుకొని పోవును.

రాయచూరు కోటలోని 1294 నాఁటి శాసనము ప్రతాపరుద్రుని కాలపుది. గన్నయరెడ్డి క్రిందివాఁడైన విట్ఠలుఁడు ఆదవాని, తుంబళము మొదలగు దుర్గములను సాధించి యా కోటను గట్టించినట్లు దానివలనఁ దెలియుచున్నది. అందు గన్నయరెడ్డి ప్రభువే కాని దొంగ కాఁడు. దొంగతనము కవికల్పితమని చరిత్రకారు లాక్షేపింపవచ్చును. అయిన నవల నడచునది రుద్రమదేవి కాలమున; శాసనమునకు దశాబ్దములు ముందు. శిల పలుకనిచోటఁ గవి పలికినాఁడు. శాసనమున నాదవాని కోట పట్టువడినది; నవలలో నాదవోని పెండ్లిపందిరి పట్టువడినది. ఆ యొక్కమాటయే యీ కల్పనకు బీజమేమో!

లోపము చరిత్రమునఁ గాదు, రసమునఁ గలదు. రుద్రమదేవి స్త్రీత్వమును రుద్రదేవుఁడను పేరఁ గప్పుకొన్నది. గన్నారెడ్డి రాజభక్తిని దొంగపేరఁ గప్పుకొన్నాఁడు. ఈ రెండు ముసుఁగుల సామ్యము మిక్కిలి మనోహరము. కాని యామె ముసుఁగు బరువైనది. వాని ముసుఁగు తేలిక. దోఁచఁబడినవారి యేడ్పు వానిని బాధింపదు. మచ్చలేని దొంగయందు వీరాద్భుతములు పండునుగాని భయము నిలువదు. ఒక్కనాఁడైనఁ దన చౌర్యమును దానే శంకించి యుండినచో గన్నారెడ్డి యింకను గొప్పవాఁడయ్యెడివాఁడు.

బాపిరాజుగారు చిత్రకారులు. గుఱ్ఱములు పరుగెత్తవలసినచోట వస్త్రాభరణవర్ణన మడ్డుపడును. చదువరి పుట దాఁటి గుఱ్ఱములను గలిసికొనును. కథ ముగిసిన పిదప మరలివచ్చి యా వర్ణనలను దీరికగాఁ జదువుకొనును.