కొసరు మెరుపు

గొడుగు సంతకెళ్ళి గుప్పెడు వానలు
కొన్నదంట, పైన కొసరు మెరుపు;
ఇంటికొచ్చి చూస్తె ఎండలే మిగిలెను,
దారిలోన చెప్పు తాగెనేమొ!

ఈ ఆటవెలదిని మా కాలనీ గ్రంథాలయంలో పిల్లల కోసం కట్టాను. వేసవి సెలవుల్లో పొద్దుటిపూట అక్కడ పిల్లలతో పద్యాలు చెప్పిస్తుంటాను. ఒకటి రెండుసార్లు వినగానే వాళ్ళకిది నోటికొచ్చేసింది. వెనక కుర్చీలో పేపరు చదువుకుంటున్న రిటైర్డ్ తెలుగు మాస్టారు మాత్రం కళ్ళజోడు తీసి అడిగారు.

"బాగానే ఉందమ్మా. ఇంతకీ ఇందులో నీతి ఏమిటి?"

"నీతి లేదు మాస్టారూ."

"పోనీ, భావం?"

"అదీ లేదండీ."

ఆయన కాసేపు వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకుని, "యతి మాత్రం చక్కగా పడింది" అన్నారు.

అసలు కిటుకు ఆయన అక్కడే పట్టుకున్నారు. తలాతోకా లేని పద్యమంటే ఎలా పడితే అలా రాసేయొచ్చని చాలామంది అనుకుంటారు. రాయబోతే తెలుస్తుంది. భావం ఉన్న పద్యంలో ఛందస్సు కాస్త కుంటినా భావం చెయ్యందించి నడిపిస్తుంది. భావమే లేని పద్యానికి ఆ ఆసరా లేదు. గణాలు, యతి, వాక్యం కుదురు, మాటల మోత, ఇవే దాని ఆస్తి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలేది ఉత్త గందరగోళం. పిల్లలకు గందరగోళం నచ్చదు. పద్యం మధ్యలో కాలు తడబడితే వాళ్ళు వెంటనే కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెడతారు.

మొదట నేను "బుట్టెడు వానలు" అనుకున్నాను. గణం సరిపోయింది. కానీ పాదం "గొ"తో మొదలైంది కాబట్టి నాలుగో గణం మొదట్లో దానికి జోడైన అక్షరం కావాలి. "కుండెడు" అంటే యతి చెల్లుతుంది. కుండలో వాననీళ్ళు పట్టడం మాత్రం ఊళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్న పనే, అందులో వింత లేదు. యతి కోసం వెతుకుతుంటే "గుప్పెడు" దొరికింది. గుప్పెడు శనగలు, గుప్పెడు బియ్యం తెలుసు. గుప్పెడు వానలు ఎవరూ చూడలేదు. నా ఊహకు తట్టని వింతను యతినియమం తెచ్చి చేతిలో పెట్టింది. ఈ రకం పద్యాలు కట్టేవాళ్ళందరికీ ఇది అనుభవమే అనుకుంటాను.

నాలుగో పాదంలో చెప్పు ఉన్న చోట మొదట కుక్క ఉండేది. గణం అదే, యతికి అడ్డూ లేదు. కానీ దారిలో కుక్క నీళ్ళు తాగితే అది వార్త కూడా కాదు. చెప్పు తాగితేనే పద్యం నిలబడింది. వానాకాలంలో చెప్పు నీళ్ళు తాగి బరువెక్కడం అందరికీ తెలుసు. కాబట్టి ఆ అబద్ధానికి ఒక కాలు నేల మీదే ఉంది. రెండు కాళ్ళూ గాలిలో తేలిపోతే నవ్వు రాదు. కొసరు కూడా అంతే. కూరలు కొన్నాక రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ అడిగి వేయించుకునే అలవాటు మనందరిదీ. వానల బేరానికి మెరుపు కొసరు రావడం ఆ లెక్క ప్రకారం న్యాయమే.

ఆటవెలది ఎంచుకోవడానికీ కారణం ఉంది. బళ్ళో చదువుకున్న ప్రతి తెలుగు చెవికీ అది వేమన నడక. ఆ నడక వినపడగానే లోకానికి పనికొచ్చే మాట ఒకటి వస్తుందని, చివర మకుటం పడుతుందని మనసు సిద్ధమవుతుంది. సరిగ్గా ఆ చోటికి చెప్పు వచ్చి వాన తాగేసి వెళ్ళిపోతుంది. మాస్టారు నీతి అడిగారంటే పద్యం పని చేసిందన్నమాటే. పొడుపు పద్యాలు వేరు. తిరుమలేశ మకుటంతో ఉన్న ఆటవెలదులు వినడానికి అసంబద్ధంగానే ఉంటాయి గాని చివరికి విప్పితే ఏ తేలో, తాటికాయో, వినాయకుడో బయటపడతాడు. అక్కడ తాళమూ ఉంది, తాళంచెవీ ఉంది. ఇక్కడ తాళం ఒక్కటే. దాని నగిషీ చూసుకుంటూ కూర్చోవడమే ఆనందం.

ఈ తలాతోకా లేని పద్యాల విద్యలో పేరు పడ్డవాళ్ళ చదువులు, వృత్తులు చూస్తే నాకు ధైర్యం వస్తుంది. ఎడ్వర్డ్ లియర్ పద్దెనిమిదేళ్ళకే లండన్ జూలో బతికున్న చిలకలను కొలతలు తీసుకుని బొమ్మలు గీయడం మొదలుపెట్టినవాడు. విక్టోరియా రాణికి చిత్రలేఖన పాఠాలు చెప్పిన 1846లోనే ఆయన నాన్సెన్స్ పుస్తకం మొదటిసారి అచ్చయింది. ఆలిస్ కథల లూయీ కారల్ ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల పాఠాలు చెప్పాడు. కలకత్తా సుకుమార్ రాయ్ భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, అచ్చుపని నేర్చుకోవడానికి ఇంగ్లండ్ వెళ్ళినవాడు. మన శ్రీశ్రీ బి.ఏ. జంతుశాస్త్రంలో. అందరూ కొలత తెలిసినవాళ్ళే. ఈక ఎక్కడ మొలుస్తుందో తెలిసినవాడే లేని పిట్టకు నమ్మేలా ఈకలు పెట్టగలడు.

లియర్ మన దేశం కూడా వచ్చాడు. వైస్రాయ్ నార్త్‌బ్రూక్ పిలుపు మీద 1873లో వచ్చి, 1875 దాకా బొమ్మలు గీసుకుంటూ తిరిగాడు. ఆ రోజుల్లో రాసిన "కమ్మర్‌బండ్" పద్యం 1874లో బొంబాయి పత్రికలో వచ్చింది. దొరల బంగళాల్లో రోజూ వినపడే మన మాటల్ని ఆయన కేవలం చప్పుళ్ళుగా విన్నాడు. ఆ చప్పుడుకు ఏ రూపం తోస్తే ఆ రూపం ఇచ్చాడు. ఆ పద్యంలో ఖాన్సామాలు పొడుగాటి చెట్లు, చప్రాసీలు బంగారు రెక్కల చేపలు, ఆయాలు కొమ్మ మీది ఆకుపచ్చ పిట్టలు. చివరికి కమ్మర్‌బండ్ అనే భయంకర మృగం వచ్చి నాయికను మింగేస్తుంది. కమ్మర్‌బండ్ అంటే నడుముకు చుట్టుకునే పట్టీ. ఇంగ్లండ్ పాఠకుడు భయపడే చోట మనకు నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ మాటల అర్థాలు మనకు తెలుసు. బతుకుతెరువు కోసం బంగళాల్లో చాకిరీ చేసిన మనుషులు చెట్లూ చేపలూ అయిపోవడం నాకు కొంచెం గుచ్చుకుంటుంది కూడా. అయినా ఆ పద్యం పనితనాన్ని కాదనలేను. మాటను అర్థం నుంచి విడదీసి, వాక్యంలో దాని స్థానం మాత్రం చెదరనివ్వకుండా నిలబెట్టడం చిన్న సంగతి కాదు.

నాకు అందరికంటే దగ్గరివాడు సుకుమార్ రాయ్. తండ్రి ఉపేంద్రకిశోర్ 1913లో పెట్టిన పిల్లల పత్రిక "సందేశ్"ను ఆయన తర్వాత తను నడిపాడు. పద్యాలు తనవే, బొమ్మలూ తనవే. కాలాజార్ జబ్బుతో మంచాన పడి, 1923 సెప్టెంబరు 10న, ముప్పై ఆరేళ్ళు నిండకుండానే పోయాడు. "ఆబోల్ తాబోల్" పుస్తకం ఆ తర్వాత తొమ్మిది రోజులకు బయటికొచ్చింది. అప్పటికి కొడుకు సత్యజిత్‌కు రెండేళ్ళు దాటాయంతే. ఆ కొడుకే పెద్దయ్యాక "సందేశ్"ను మళ్ళీ బతికించాడు, 1987లో తండ్రి మీద డాక్యుమెంటరీ తీశాడు.

"ఆబోల్ తాబోల్"లో పిల్లలకొకటి, పెద్దలకొకటి అని విభజన లేదు. శివుడి దేశంలో వింత చట్టాలున్నాయని ఒక పద్యం. అక్కడ కాలు జారి పడ్డవాణ్ణి బంట్రోతు వచ్చి పట్టుకుపోతాడు, విచారణ జరుగుతుంది, ఇరవై ఒక్క రూపాయల జరిమానా పడుతుంది. పిల్లవాడు జారిపడటానికి నవ్వుతాడు. తెల్లవాళ్ళ కచేరీల చుట్టూ తిరిగిన తండ్రి జరిమానాకు నవ్వి ఉంటాడు. ఒకే గదిలో, ఒకేసారి. పెద్దలతో నవ్వడం సుకుమార్‌కు ముందునుంచీ అలవాటే. ఇంగ్లండ్ వెళ్ళకముందు నాన్సెన్స్ క్లబ్బు పెట్టాడు, తిరిగి వచ్చాక మిత్రులతో సోమవారం క్లబ్బు నడిపాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న విద్య జంతువులను అతకడం. బెంగాలీలో హాతి అంటే ఏనుగు, తిమి అంటే తిమింగలం. రెండూ కలిస్తే హాతిమి. తిమింగలం నీళ్ళలోకి పోదామంటుంది, ఏనుగు అడవికి పదమంటుంది, పాపం ఆ జీవి అవస్థ చెప్పనలవి కాదు. ఇందులో గమనించాల్సింది అతుకు. మొదటి పేరు చివరి అక్షరమే రెండో పేరు మొదటి అక్షరం. అందుకే ఏ జంతువూ ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోలేదు. ఈ కిటుకు పిల్లలకు చెప్పి ఊరుకున్నాను. పావుగంటలో ఏనుగుర్రం పుట్టింది. తర్వాత చిలుకప్ప, మేకాకి. ఆఖర్న ఒక పిల్ల లేచి "కోతిమింగలం" అంది. గదంతా ఒక్కసారి కేక. ఒకబ్బాయి "ఏనుపిల్లి" అంటే మిగతావాళ్ళే ఒప్పుకోలేదు, ఏనుగు తోక తెగిపోయిందట. నియమం ఇంత గట్టిగా పట్టుకునే పిల్లలకు ఎలా పడితే అలా రాసిన పద్యం ఎలా ఇస్తాం?

తెలుగులో హాస్యానికి కొరత లేదు. జరుక్ శాస్త్రి పేరడీలున్నాయి, చాటువులున్నాయి, తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే మేకతోక పద్యం ఉంది. శ్రీశ్రీ సిరిసిరిమువ్వ శతకం, ప్రాసక్రీడలు, లిమరిక్కులు మూడూ కలిపి "సిప్రాలి" అన్నాడు. "మహాప్రస్థానం" రాసిన చెయ్యే కందంతో అంత సరదాగా ఆడుకుంది. కానీ మన అచ్చు హాస్యంలో ఎక్కువ భాగానికి ఒక గురి ఉంటుంది. ఎవర్నో వెక్కిరించాలి, దేన్నో దెప్పాలి. ఎవర్నీ ఏమీ అనకుండా ఊరికే నవ్వే పద్యం అచ్చులో అరుదు. అది నోటి సాహిత్యంలో పుష్కలంగా ఉంది. కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుని ఆడే ఆటల్లో, చెమ్మచెక్కల్లో, అమ్మమ్మ చెప్పిన మాటలకు అర్థం ఏమిటని ఏ పిల్లా అడగదు. అమ్మమ్మకు మాత్రం ఎవరు చెప్పారు గనక?

సినిమాలో ఆ సంపదను గుర్తుపట్టినవాడు పింగళి నాగేంద్రరావు. 1957లో వచ్చిన "మాయాబజార్"లో గింబళి, గిల్పం, తసమదీయులు ఎవరికీ అర్థం చెప్పకుండానే అర్థమైపోయాయి. కొత్త మాటలు ఎవరో ఒకరు పుట్టించాల్సిందేనని ఘటోత్కచుడి చేత సమర్థన కూడా చెప్పించారు. నిజానికి కొత్త మాటలు పుట్టించే యంత్రం ప్రతి తెలుగు ఇంట్లో ఉంది. కాఫీ గీఫీ, పుస్తకం గిస్తకం, బండీ గిండీ. మొదటి అక్షరం హ్రస్వమైతే గి, దీర్ఘమైతే గీ. ఈ సూత్రం మనకు ఏ బళ్ళోనూ చెప్పలేదు, మూడేళ్ళ పిల్లవాడు కూడా తప్పడు. ఇంత సరంజామా ఉన్న భాషలో, పెద్ద అక్షరాలతో, మంచి బొమ్మలతో, చివర నీతి అతికించని పద్యాల పుస్తకాలు పిల్లల చేతుల్లో ఇంకెన్నో ఉండాలి. రాయగలిగినవాళ్ళు ఉన్నారు. వేసేవాళ్ళు కూడా ముందుకు రావాలని నా గట్టి కోరిక.

ఇలాంటి పద్యం చదివేటప్పుడు నేను పాటించేవి చెబుతాను. ముఖం గంభీరంగా ఉండాలి. చదివేవాళ్ళు ముందే నవ్వేస్తే వినేవాళ్ళకు నవ్వు మిగలదు. యతి స్థానం దగ్గర గొంతు కొద్దిగా ఊనాలి. మధ్యలో ఆగి వివరించకూడదు. ఎవరైనా "నిజంగానా?" అని అడిగితే "అంట" అనాలి. పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళను వెనక్కి పంపొద్దు. వాళ్ళు మొదట అర్థం కోసం తడుముకుంటారు, రెండోసారి గణాలు లెక్కపెడతారు, మూడోసారికి తామే ఒక పాదం అందిస్తారు. మా మాస్టారు వారం తిరక్కుండా ఒక తేటగీతి రాసుకొచ్చారు. అందులో తలుపు గడియకు జలుబు చేస్తుంది. పిల్లలు దాన్ని మూడుసార్లు చదివించుకున్నారు. నీతి ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా దగ్గర నడుస్తున్న వివాదం కోతిమింగలం తోక గురించి. కోతికి ఒక తోక, తిమింగలానికి ఒక తోక, కాబట్టి మొత్తం రెండని ఒక పక్షం. ఆ పేరు పెట్టిన పిల్ల ఒప్పుకోవడం లేదు. పేరులో "తి" ఇద్దరిదీ ఒకటే కదా, అలాంటప్పుడు తోకా ఒకటే ఉండాలంటుంది. మాస్టారు ఆ పిల్ల పక్షమే. బొమ్మ గీసే కుర్రాడు రెండు తోకలూ గీసేసి, రబ్బరు చేత్తో పట్టుకుని తీర్పు కోసం చూస్తున్నాడు.